ఖాళీ విస్తరి

"మన పెళ్ళి గుర్తుందా సువర్చలా?" అని అడిగాడు పైడిభాస్కరం.

"ఎందుకు లేదండీ. జూన్ పధ్నాలుగు, ఆదివారం. స్థలం: విజయనగరం, కళ్యాణమంటపం. వధువు: నేను. వరుడు: మీరు. హాజరు: ఆరువందల పన్నెండు. వంకాయ కూరలో ఉప్పెక్కువ."

"అంతేనా?"

సువర్చల ఆస్పత్రి దుప్పటి సరిచేసుకుని కాస్త ఆలోచించింది.

"పులిహోర చాల్లేదు," అంది.

మెదడువాపు జ్వరం పదకొండు రోజులు కాసి దిగింది. జ్వరం దిగింది గానీ జీవం ఎక్కలేదు. జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే ఆవిడకి నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. "నాకు పెడితే నలభై రావు," అన్నాడు భాస్కరం డాక్టర్లతో. "కాకపోతే మార్కులొచ్చేయి గానీ మనిషి రాలేదండీ. ఎప్పుడొస్తుంది?"

భాస్కరం మాటని విరిచి, మెలిపెట్టి, మళ్ళీ అతికించే రకం. "పైడి నా పేరులో ఉంది, భాస్కరుడు నా బట్టతల మీద ఉన్నాడు" అని కొత్తవాళ్ళకి పరిచయం చేసుకుంటాడు. అతను నోరు తెరిస్తే ఆఫీసులో జనం తలుపు తెరుచుకుని వెళ్ళిపోతారు. శ్లేష వేస్తున్నాడని తెలిసి శ్లేష్మం పట్టినట్టు దగ్గుతారు. లోకం మొత్తంలో అతని మాటలకి నవ్వే మనిషి ఒక్కతే. ఇరవై మూడేళ్ళుగా ప్రతి పాత జోకుకీ కొత్తగా నవ్వింది సువర్చల. మొదట ముక్కుతో మొదలుపెట్టేది, తరవాత భుజాలకి పాకేది, చివరకి కొంగుతో కళ్ళు తుడుచుకునేది. ఆ నవ్వు కోసమే అతను పెళ్ళి చేసుకున్నాడు. ఆ నవ్వు కోసమే ఆఫీసు నుంచి సరాసరి ఇంటికి వచ్చేవాడు.

ఇప్పుడు నవ్వమంటే ఆవిడ, "నవ్వడం: ఉంది. తేదీలు చెప్పమంటారా?" అంటోంది.

ఈ జబ్బుకి మందు ఎక్కడుందో భాస్కరానికి బాగా తెలుసు. అతను పనిచేసేది అక్కడే మరి. విశాఖపట్నం ఎండాడ కొండ మీద ఉన్న ఆ పరిశోధనాలయం పేరు రూపశాల. అంతకుముందు పద్ధెనిమిదేళ్ళు అచ్చాఫీసులో పేజీలు కట్టాడు: పంచాంగాలు, పాఠ్యపుస్తకాలు, శుభలేఖలు. అదే విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. రూపశాల యంత్రం మనిషి జ్ఞాపకాలన్నీ చదివి గూళ్ళుగా రాసి పెడుతుంది. గూట్లో గూడు, ఆ గూట్లో మరో గూడు. పైన 'అమ్మ' అని ఉంటుంది, లోపల 'వంటిల్లు', దాని లోపల 'మొదటిసారి చెయ్యి కాల్చుకోవడం'. ఏ విద్య మనిషికి ఎవరి దగ్గర మొదట అబ్బిందో, వాళ్ళ గూట్లోనే అది కాపురం ఉంటుంది. అయితే గూళ్ళలో ఉండేది ఉత్త సరుకు. రంగుండదు, రుచుండదు. జ్వరం సువర్చలకి సరుకు మిగిల్చి రంగు తీసుకుపోయింది.

రంగు వేసే పని షీటుది. షీటంటే నియమాల జాబితా. 'అమ్మ అన్న గూడు ఎక్కడ ఎదురైనా సరే, పసుపు వెలుగు వెయ్యి, సంపెంగ వాసన పెట్టు, గొంతు చెవి దగ్గర వినిపించు' అని రాస్తే, చెవి వెనక అతికించిన బొట్టుబిళ్ళంత పరికరం ఆ పని చేసి పెడుతుంది. ఒకే పెళ్ళి వివరాలు ఎర్ర కార్డు మీద ఒకలా, తెల్ల కార్డు మీద ఒకలా అచ్చేసినట్టన్నమాట. పెళ్ళికూతురు మారదు, పెళ్ళికళ మారుతుంది. ఆ పరికరం నలభై రోజులు, అంటే ఒక మండలం, ఆగకుండా పనిచేస్తే మెదడు షీటుని కంఠతా పట్టేస్తుంది. ఆ తరవాత బిళ్ళ తీసేసినా రంగు పోదు. తప్పురాసినా పోదు.

"మీ ఇంటావిడ షీటు మీరు రాయడానికి వీల్లేదు భాస్కరం గారూ," అంది డాక్టర్ ఎస్తేరు. రూపశాలకి ఆవిడే పెద్ద. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, మాట మాత్రం అరవై ఏళ్ళ హెడ్మాస్టరుది. "డాక్టరు తన పెళ్ళానికి కత్తి పట్టడు."

"దర్జీ తన పెళ్ళానికి జాకెట్టు కుడతాడు కదండీ."

"కుడతాడు. కొలతలు తప్పుతాడు."

"ఎస్తేరమ్మా, ఇరవై మూడేళ్ళు కలిసి బతికినవాణ్ణి. ఆవిడ రంగులు నాకు కాక ఇంకెవరికి తెలుసు?"

ఎస్తేరు చివరికి సరేనంది. ఒప్పుకోవడం ఆవిడ మొదటి తప్పు. రెండో తప్పు ఆవిడది కాదు.

"మన పద్ధతి మర్చిపోకండి," అంది. "గూళ్ళలో అక్షరం ముట్టుకుంటే జైలు. రంగులు ఊహించి రాయకూడదు. ఆ చోట, ఆ వేళ ఉన్న మనిషిని సాక్షిగా కూర్చోబెట్టి అడిగి రాయాలి. నలభయ్యో రోజున ఆవిడ షీటంతా చదివి సంతకం పెట్టాలి."

భాస్కరం పని మొదలుపెట్టాడు. ఊళ్ళు తిరిగాడు. సువర్చల పిన్నిని అడిగి అమ్మ గూటికి సంపెంగ వాసన రాశాడు. అన్నయ్యని అడిగి నాన్న గూటికి చుట్టపొగ రాశాడు. చెయ్యి తిరిగిన పనివాడు, పైగా ప్రేమ. రోజుకి నలభై నియమాలు రాస్తున్నాడు. వారం తిరిగేసరికి చుట్టాలూ పక్కాలూ అయిపోయి, మిగిలిన పేర్ల జాబితా తెర మీదకి వచ్చింది.

భర్త: మూడువేల నూట నలభై గూళ్ళు. ఛాతీ ఉబ్బింది.

తాతాజీ: నాలుగువందల పదిహేడు గూళ్ళు. ఉబ్బింది దిగింది.

"తాతాజీ ఎవడు? వీడి తాతెవడు?" అన్నాడు పైకే.

మనిషి చేసుకునే పనులన్నిటిలోకీ తన భార్య గతాన్ని వరసగా పేర్చి చదవడం అంత బుద్ధితక్కువ పని మరొకటి లేదు. భాస్కరం చదివాడు. 'తాతాజీ. వయసు: ఇరవై ఆరు. స్థలం: విజయనగరం బస్టాండు, ఎంక్వయిరీ గది.' పెళ్ళికి ముందు సువర్చల రెండేళ్ళు అక్కడ మైకులో బస్సుల వేళలు చెప్పేది. అది అతనికి తెలుసు. అసలతను ఆవిణ్ణి చూసింది ఆ కిటికీలోంచే. కానీ ఆ గదిలో ఇంకొకడున్నాడని ఎవరూ చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళకే తాతైనవాడు.

'తాతాజీ. వాన. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.'

'తాతాజీ. నిమ్మసోడా. ఒకటే గ్లాసు.'

ఒకటే గ్లాసు! భాస్కరం కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. రెండు గ్లాసులు కొనలేనంత కరువా బస్టాండులో? వంటింట్లో వెలగని పొయ్యి కడుపులో వెలిగింది. మొగుడి గూడు వెడల్పుగా ఉంది గానీ లోతు లేదు. ఈ తాత గూడు చూస్తే సన్నగా ఉండి నుయ్యిలా దిగిపోతోంది. ఒక అర కింద ఇంకో అర, దాని కింద ఇంకోటి. దిగి చూడాల్సింది. పని తెలిసిన ఎవడైనా దిగి చూస్తాడు. కానీ ఈర్ష్య పట్టినవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. లోపల ఏముందో వాడికి ముందే తెలిసిపోయింది మరి.

రూపశాలలో 'ఖాళీ విస్తరి' అని ఒక మాట ఉంది. గూడు పేరు రాసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేస్తే దాన్ని అలా అంటారు. పేరు పెట్టి పిలిచి, పీట వేసి, విస్తరి పరిచి, ఏమీ వడ్డించకపోవడం. ఆ గూడు మనిషి తలలో ఉంటుంది, కానీ తలపుకి రాదు. జబ్బుపడినవాళ్ళ పీడకలల కోసం కనిపెట్టిన ఏర్పాటది. గూడు చెరిపితే జైలు గానీ, షీట్లో దాస్తే అడిగేవాడు లేడు.

'తాతాజీ అన్న గూడు ఎదురైతే:' అని రాసి, చుక్కల తరవాత చెయ్యి ఎత్తేశాడు భాస్కరం.

ఎత్తిన చెయ్యి ఊరుకోలేదు. 'భర్త అన్న గూడు ఎదురైతే: బంగారు వెలుగు. వీణ. మల్లెలు.' అని రాసింది. సాక్షి గడిలో తన పేరే పెట్టుకుంది.

షీటు నడిపిన మొదటి రోజు సువర్చల ఆస్పత్రి మంచం మీదే కూర్చుని, "అమ్మ," అంది. ఒక్క మాటే. తరవాత గాలి పీల్చింది. "సంపెంగలు... ఏమండీ, మా అమ్మ వచ్చిందండీ!"

ఎస్తేరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. భాస్కరం తుడుచుకోలేదు, కారనిచ్చాడు. రంగులు తిరిగొచ్చాయి. నాన్న చుట్టపొగ వచ్చింది, పెళ్ళిపందిరి వచ్చింది, వంకాయ కూర ఉప్పుతో సహా వచ్చింది. ఆవిడ అన్నీ చూసుకుని చివరికి మొగుడి వైపు తిరిగింది. తిరిగి, గభాలున కాళ్ళు మంచం మీదకి ముడుచుకుంది.

"మీ వెనక ఆ వెలుగేటండీ?"

"నీ మొగుణ్ణి కదా."

"అచ్చం కేలెండరులో దేవుళ్ళా ఉన్నారు," అంది భక్తిగా.

ఇంటికి వచ్చాక ఆ భక్తి ముదిరింది. అతనికి ముందు వడ్డించి, పక్కన నిలబడి, తను వెనక తినేది. అతను ఏం చెప్పినా 'అలాగేనండీ' అనేది. పూర్వం కూరలో ఉప్పెక్కువైందని అతనంటే, 'చెమట తుడుచుకుని తినండి, సరిపోతుంది' అనే మనిషి. ఇప్పుడు 'తప్పైపోయిందండీ' అంటోంది. మొదటివారం భాస్కరం హాయిగానే ఉన్నాడు. లేడని చెబితే అబద్ధం. రెండోవారం జోకు వేశాడు. ఎప్పుడూ తప్పనిది, వాళ్ళిద్దరినీ కలిపింది, ఇరవై మూడేళ్ళుగా మూడువేల సార్లు నవ్వించింది.

"సువర్చలా, చీపురుపల్లి బస్సు ఏదీ? జనాన్నందరినీ ఊడ్చుకుపోయిందా?"

ఆవిడ చేస్తున్న పని ఆపి శ్రద్ధగా ఆలోచించింది. "బస్సులో చెత్త ఉందాండీ?"

"అది కాదే, చీపురు... ఊడ్చడం..."

"చీపురు తలుపు వెనకాల ఉందండీ. తెమ్మంటారా?"

మూడోవారమంతా అతను జోకుల మీద జోకులు వేశాడు. సాలూరు మీద వేశాడు, 'ఆ ఊరు సాలు, ఇంకో ఊరు చూడు' అని. గజపతినగరం మీద వేశాడు, 'గజపతి లేడు సరే, గజం స్థలమైనా లేదేం' అని. ఆవిడ ప్రతిదానికీ అర్థం అడిగి తెలుసుకుంది. "చాలా బాగుందండీ," అంది కూడా, గుళ్ళో ప్రసాదం బాగుందని చెప్పినట్టు. నవ్వు మాత్రం రాలేదు. వీణ వినిపిస్తోంది గానీ నవ్వు వినిపించట్లేదు. మండలం అన్నారు గానీ, అతనికది మండే కాలం అయింది.

ముప్ఫై నాలుగో రోజున ఎస్తేరు అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఏ గూటికి ఎంత వడ్డన జరిగిందో పట్టీ తీసేను. 'మాటల మెలికకి నవ్వడం' అన్న గూటికి ముప్ఫై నాలుగు రోజులుగా ఒక్క మెతుకు పడలేదు. ఎందుకో చెప్పండి."

"ఎందుకో మీరే చెప్పాలి డాక్టరు గారూ. నేనా గూడే చూళ్ళేదు."

"చూస్తారా? తాతాజీ అన్న గూట్లో ఐదో అర."

భాస్కరం తెరకేసి వంగాడు.

"పెద్దమనిషికి ఖాళీ విస్తరి వేస్తే ఆయన వెంట వచ్చినవాళ్ళకి అన్నం ఎవరు పెడతారండీ? అందరికీ పస్తే కదా. ఆయన వెంట ఎవరెవరొచ్చేరో చదవమంటారా?" ఎస్తేరు తెర తన వైపు తిప్పుకుంది. "మైకులో గొంతు వణక్కుండా మాట్లాడటం. అరిచే ప్రయాణికుడికి ఎదురు చెప్పడం. తప్పుని తప్పని మొహమ్మీద అనడం. మాటల మెలికకి నవ్వడం. ఇవన్నీ ఆవిడ ఆ బస్టాండు గదిలో నేర్చుకుంది. మీరు ఆకలితో చంపింది వీటిని. ఇంకో ఆరు రోజులు పోతే ఇవి శాశ్వతంగా పస్తే."

"తీసేస్తాను. ఇప్పుడే ఆ నియమం తీసేస్తాను."

"తీసెయ్యండి. ఏమవుతుందో మీకు తెలీదా?"

తెలుసు. తెలిసినా తీసేసి ఇంటికి పరిగెత్తాడు. వాకిట్లోంచే కేక పెట్టాడు, "సువర్చలా, చీపురుపల్లి బస్సు ఊడ్చుకుపోయిందా?"

సువర్చల గుమ్మంలోకి వచ్చింది. మొహంలో గీత కదల్లేదు. "నవ్వు: వచ్చింది," అంది.

నియమం లేని గూటిని యంత్రం ఉన్నదున్నట్టు కుమ్మరిస్తుంది. వండని బియ్యం. భాస్కరం అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఆ గూటికి రంగు కావాలి. రంగు కావాలంటే సాక్షి కావాలి. ఆ గదిలో ఆ వేళ ఉన్న మనిషి లోకంలో ఒక్కడే.

విజయనగరం గంటస్తంభం దగ్గర మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణం. 'తాతాజీ సౌండ్స్' అని బోర్డు. లోపల యాభై దాటిన మనిషి ఒకడు తీగలు చుడుతున్నాడు. భాస్కరం ముందు జుట్టు చూశాడు. నిండుగా ఉంది, నల్లగా కూడా ఉంది. కడుపులో మళ్ళీ రాజుకుంది.

"మీరేనా తాతాజీ?"

"నాకింకా మనవలు లేరు గానీ, తాతాజీని నేనే. ఏటి కావాలి? పెళ్ళికా, పేరంటానికా?"

వచ్చిన పని భాస్కరం చెప్పాడు. జ్వరం చెప్పాడు, గూళ్ళు చెప్పాడు, సాక్షి సంగతి చెప్పాడు. ఖాళీ విస్తరి సంగతి మింగబోయాడు గానీ అది మింగుడుపడక బయటికొచ్చింది. తాతాజీ తీగ చుట్టడం ఆపేశాడు.

"అయితే గురూ, ముప్ఫై నాలుగు రోజులు నన్ను చంపీసేరా?"

"చంపలేదు. వడ్డించలేదు."

"మంచిది. ఇప్పుడాకలేసి వచ్చేరన్నమాట." స్టూలు ముందుకి తోశాడు. "కూచోండి. ఏటడుగుతారో అడగండి."

భాస్కరం పుస్తకం తెరిచాడు. ముప్ఫై ప్రశ్నలు రాసుకొచ్చాడు. గది రంగు, మైకు వాసన, వాన చప్పుడు. మొదటి ప్రశ్నగా నోట్లోంచి వచ్చింది మాత్రం పుస్తకంలో లేనిది.

"సోడా ఒకటే గ్లాసులో ఎందుకు తాగేరు?"

తాతాజీ అతనికేసి జాలిగా చూశాడు. "రెండో గ్లాసు పగిలిపోయింది గురూ. ఒకళ్ళ తరవాత ఒకళ్ళం తాగేం. ఆవిడ ముందు. కడిగేకే నేను."

"ప్రేమించేరా ఆవిణ్ణి?"

"ఆవిడ నవ్వు వినడానికి డ్యూటీలు మార్పించుకునీవాణ్ణి. దాన్నేటంటారో మీరే ఓ పేరు పెట్టుకోండి. ఆవిడకెప్పుడూ చెప్పలేదు." మళ్ళీ తీగ అందుకున్నాడు. "వచ్చిన కొత్తలో మైకు పట్టుకుంటే చెయ్యి వణికీది ఆవిడకి. ఎవడైనా గట్టిగా అడిగితే కళ్ళమ్మట నీళ్ళు. భయం పోవాలని పక్కన కూచుని ఊళ్ళ పేర్లన్నీ విరిచీవాణ్ణి. పార్వతీపురం బస్సులో శివుడికి సీటు లేదనీ, చీపురుపల్లి బస్సు జనాన్ని ఊడ్చుకుపోయిందనీ..."

భాస్కరం కలం ఆగిపోయింది. "ఆ జోకు నాది."

"మీరు కిటికీ దగ్గర వేసింది నిజవే. అంతకి మూణ్ణెల్ల ముందు నుంచీ గదిలో నేను వేస్తున్నాను. మీరు వేసీసరికి ఆవిడ నావేపు తిరిగి చూసి నవ్వింది. నా జోకు ఇంకొకడి నోట్లోంచి కూడా వస్తోందని."

ఇరవై మూడేళ్ళ కాపురం అంతా ఒక్కసారి కదిలి, కాస్త పక్కకి జరిగి కూర్చున్నట్టయింది భాస్కరానికి. కానీ అడగాల్సినవి అడిగాడు. చెప్పినవన్నీ రాసుకున్నాడు. గది గోడలది ఆకుపచ్చ, పైన పెచ్చులూడిన సున్నం. మైకు దగ్గర ఇనుము తడిసిన వాసన. ఆవిడ నవ్వు మైకులోకి పోకుండా మీట మీద బొటనవేలు నొక్కిపెట్టి ఉంచేది.

రాసుకొచ్చాడు గానీ షీట్లోకి ఎక్కించలేకపోయాడు. ముప్ఫై ఆరో రోజున 'ఆకుపచ్చ గోడ' అని కొట్టి, 'మురికి ఆకుపచ్చ' అని మార్చి, సిగ్గేసి మళ్ళీ సరిచేశాడు. ముప్ఫై ఏడో రోజున తాతాజీ జుట్టు దగ్గర అరపూట కూర్చున్నాడు. ముప్ఫై ఎనిమిదో రోజున 'అందగాడు' అన్న మాట దగ్గర వేళ్ళు మొరాయించాయి. ఎస్తేరు రోజూ వచ్చి తలుపులో నిలబడి వెళ్ళిపోయేది. నలభయ్యో రోజు పొద్దున్న నియమం పూర్తయింది. ఒక్క రంగూ తగ్గించలేదు, ఒక్క వాసనా దాచలేదు. దాన్ని రాసినవాడి మొహం మాత్రం చింతకాయ కొరికినట్టుంది.

సాయంత్రం ఆరుకి గడువు, అప్పటికి షీట్లో ఏముంటే అదే ఖాయం. పదిగంటలకి కొత్త నియమం నడిపి, సువర్చలకి షీటు మొత్తం కాగితాల మీద తీసి ఇచ్చారు. సాక్షి అవసరపడితే ఉండాలని తాతాజీని కూడా పిలిపించింది ఎస్తేరు. అతను గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సువర్చల అతన్ని చూసి, "తాతాజీ గారా! మీరు లావెక్కేరు," అంది. అని కాగితాల్లో తల పెట్టింది. ఏ నియమం ఎవరు ఎప్పుడు రాశారో, అంతకుముందు అక్కడేముండేదో ప్రతి పేజీ అంచున ఉంటుంది. ఆవిడ అంచులు కూడా చదివే రకం.

"ఇదేటండీ?" అంది ఇరవయ్యో పేజీ దగ్గర. ఇన్నాళ్ళకి ఆ గొంతు వినిపించింది. మైకులో ఊరంతా విన్న గొంతు. "తాతాజీ, ఎదురుగా ఏమీ లేదు. ముప్ఫై నాలుగు రోజులు ఏమీ లేదు. కింద మీ సంతకం."

"అది... సువర్చలా, అది నిన్ను కాదు, వాడి గూడు..."

"వాడి గూట్లో ఉన్నది నా నోరండీ! నేన్నేర్చుకున్నది. 'అలాగేనండీ, తప్పైపోయిందండీ' అని నలభై రోజులు మీ చుట్టూ తిరిగేను. ఎలా తిరగనిచ్చేరు?"

భాస్కరం నేల చూశాడు. దగ్గర్లో ఒక్క జోకూ లేదు.

"కుళ్ళుకున్నాను," అన్నాడు. "అంతే. ఇంకేం లేదు."

ఆవిడ ఇంకో పేజీ తిప్పింది. "ఇదింకా బాగుంది. భర్త: బంగారు వెలుగు, వీణ, మల్లెలు. సాక్షి: మీరే! డాక్టరమ్మా, ఎవరికి వాళ్ళే సాక్షి పెట్టుకోవచ్చునా?"

"చెల్లదమ్మా," అంది ఎస్తేరు.

"అయితే దీని కింద నేను సంతకం పెట్టను. ఈ మెరుపుతో కాపురం చెయ్యలేను, కళ్ళు నెప్పి. ఆ మొదటిరోజు కిటికీ దగ్గర ఈయనెలా ఉన్నారో చూసినవాళ్ళు చెప్పాలి."

చూసినవాళ్ళు ఎవరున్నారని భాస్కరం అడగబోయి, తల ఎత్తి, గోడ వైపు చూశాడు. అందరూ అటే చూస్తున్నారు.

తాతాజీ గొంతు సవరించుకున్నాడు. "గళ్ళ చొక్కా. గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు, కాలరు ఒక కొస చెవి దగ్గిర, రెండో కొస భుజం కింద."

భాస్కరం కుర్చీ లాక్కుని మీటల మీద వేళ్ళు పెట్టాడు. రాసేవాడు తనే మరి. 'గళ్ళ చొక్కా' అని కొట్టాడు.

"జేబులో కలం కక్కీసి గుండెకాయ మీద ఇంత నీలం మచ్చ. చేతిలో జామకాయల సంచీ. సంచీకి చిల్లుంది. ఒక్కోటీ రాలిపోతున్నాయి. ఈయనకి తెలీదు."

"ఎన్ని జామకాయలు?" అన్నాడు భాస్కరం పళ్ళ బిగువున.

"ఐదు నేను లెక్కెట్టేను. అప్పుడు ఆ బస్సు జోకు వేసీసి, ఆవిడ నవ్వుతుందో లేదో కనబళ్ళేదు కాబోలు, ముక్కు మీద కళ్ళజోడు పైకి నెట్టేరు. కళ్ళజోడు లేదు! ఆవేళ పెట్టుకు రాలేదు. లేని కళ్ళజోడుని రెండుసార్లు నెట్టేరు గురూ. చూస్తే నాకే జాలేసింది. ఇంక ఈవిడ ఈయన్నే చేసుకుంటుందని నాకప్పుడే తెలిసిపోయింది."

'కళ్ళజోడు: లేదు' అని కొడుతుండగా వెనక నుంచి ముక్కుతో చిన్న చప్పుడు వచ్చింది. భాస్కరం తిరిగి చూశాడు. సువర్చల కాగితాలు ఒళ్ళో జారవిడిచేసింది. భుజాలు కదులుతున్నాయి. కొంగు వెతుక్కుంటోంది, దొరకట్లేదు. గదంతా నిండేలా నవ్వింది ఆవిడ.

భాస్కరానికి ఏడుపొచ్చింది, ఆనందమూ వచ్చింది. ఆ రెండూ సర్దుకోకముందే మూడోది కూడా వచ్చేసింది.

"డాక్టరు గారూ," అన్నాడు. "ఈ నవ్వు ఎవరి గూట్లో పడింది?"

తాతాజీ కూడా గోడ వదిలి రెండడుగులు ముందుకేశాడు.

ఎస్తేరు తెర చూసింది. "ఇంకా పళ్ళేదు. కొత్త రకం నవ్వట. భర్త గూట్లో వెయ్యనా, తాతాజీ గూట్లో వెయ్యనా అని యంత్రం అడుగుతోంది."

"నా వల్ల కదా నవ్వింది," అన్నాడు భాస్కరం.

"చెప్పింది నేను కదా," అన్నాడు తాతాజీ.

సువర్చల కళ్ళు తుడుచుకుంది. "డాక్టరమ్మా, నా పేరుతో గూడు లేదా?"

ఎస్తేరు జాబితా పై నుంచి కిందికి జరిపింది. కింద నుంచి పైకి జరిపింది. అమ్మ, నాన్న, అన్నయ్య, భర్త, పిన్ని, పాలు పోసే ఆవిడ కూడా ఉంది.

"లేదమ్మా. యంత్రానికి ఎదుటివాళ్ళే తెలుసు. మనిషికి సొంతంగా ఒకటి కట్టాలని మాకెవరికీ తట్టలేదు."

"ఇప్పుడు తట్టింది కదా. కట్టండి. ఇది అందులో పెట్టండి."

భాస్కరం వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. చెయ్యి తిరిగిన పనివాడు. "రంగూ వాసనా ఏం రాయమంటావు?" అన్నాడు ఆశగా. "సాక్షి ఎవరు?"

"నేనే. మీరు లేవండి, నేను చెబితే డాక్టరమ్మ రాస్తుంది," అంది సువర్చల కుర్చీ దగ్గరికి వస్తూ. "మీరిద్దరూ కాసేపు బయట నిలబడండి."

వరండాలోకి వచ్చారు ఇద్దరూ. తలుపు మూసుకుంది. భాస్కరం తలుపుకి ఈవేపు, తాతాజీ ఆవేపు నిలబడ్డారు. లోపల మాటలు గొణుగుడుగా వినిపిస్తున్నాయి, ముక్క అర్థం కావట్లేదు. కాసేపటికి మళ్ళీ నవ్వింది ఆవిడ. ఈసారి ఇంకా గట్టిగా.

"దేనికంటారు?" అన్నాడు భాస్కరం.

"నాకేటి తెలుసు గురూ," అన్నాడు తాతాజీ, చెవి తలుపుకి ఇంకొంచెం దగ్గరగా పెడుతూ.